దూరవిద్య వచనం: ఎవరికి దూరం?

మన విమర్శకులు కవిత్వాన్ని గురించి రాస్తారు. కథను గురించీ నవలను గురించీ రాస్తారు. ఓపిక ఉన్నవాళ్లు విమర్శను గురించి కూడా విమర్శ రాస్తారు. కాని కథగాని నవలగాని జన్మలో ముట్టనివాళ్లు సైతం, ఒక చేత పెన్సిలూ గుండెలో పరీక్షల భయమూ పెట్టుకుని చదివే తెలుగు వచనం ఒకటుంది. అది దూరవిద్య పాఠ్యపుస్తకాల వచనం. దానికి పైన మరొక వచనం ఉంది. ఆ పుస్తకాలు ఎవరు వెయ్యాలో, ఏ ఊళ్లో ఎవరు క్లాసులు పెట్టాలో, ఎవరి డిగ్రీ చెల్లుతుందో, ఎవరిది చెల్లదో తేల్చే నిబంధనల వచనం. విశ్వవిద్యాలయాల అధికారులు పరస్పరం రాసుకునే ఒప్పందాల వచనం. మొదటిది తెలుగు, రెండోది ఇంగ్లీషు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవటం ఈ వ్యాసంలో నేను చేయదలచిన పని.

ఇందులో నాకు స్వార్థం ఉన్నదని ముందే ఒప్పుకుంటాను. నేను ఆదోనిలో ఉండి కాలేజీలో తెలుగు చెబుతాను. ఆదివారాలు ఒక అధ్యయన కేంద్రంలో దూరవిద్య విద్యార్థులకు క్లాసులు తీసుకుంటాను. జిన్నింగు మిల్లుల గుమాస్తాలు, ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చే చేనేతవాళ్లు, పెళ్లయి చదువు మానేసి పదేళ్లకు మళ్లీ పుస్తకం పట్టిన ఆడవాళ్లు, ఒకరిద్దరు హోంగార్డులు — వీళ్లు నా క్లాసు. పోతే, నేను రాసిన పాఠం కూడా ఒకటి ఒక దూరవిద్య పుస్తకంలో అచ్చయింది. కనుక ముద్దాయిల వరసలో నేనూ నిలబడుతున్నాను.

ముందు పేరు సంగతి చూద్దాం. "దూరవిద్య" అన్న మాటలో దూరం ఎవరికి, ఎవరి నుంచి? మాట చేసినవాడు కేంద్రంలో కూర్చుని చేశాడు. వాడికి ఆదోని దూరం. ఆదోనిలో ఉన్నవాడికి ఆదోని ఏమాత్రం దూరం కాదు. ఇది మాటల గారడీ అనుకునేవాళ్లు ఈ ఊరి చరిత్రను కాస్త చూడాలి. 1953 అక్టోబరు 1 దాకా ఆదోని బళ్లారి జిల్లాలో తాలూకా, ఏలుబడి మద్రాసుది. ఆ రోజున ఆలూరుతో కలిసి ఆంధ్రరాష్ట్రంలో కర్నూలు జిల్లాకు వచ్చి చేరింది. కర్నూలు మూడేళ్లు రాజధానిగా ఉండి 1956లో ఆ గౌరవాన్ని హైదరాబాదుకు అప్పగించింది. 2014 తర్వాత అదీ పోయింది. ఇక విశ్వవిద్యాలయాలు: 1954లో పుట్టిన తిరుపతి శ్రీవేంకటేశ్వర, తర్వాత అనంతపురం శ్రీకృష్ణదేవరాయ, 2008లో వచ్చిన కర్నూలు రాయలసీమ. ఈ ప్రాంతపు కాలేజీలు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారినాయి. ఊరు ఉన్నచోటనే ఉంది. దానికి పెద్దలే మారుతూ వచ్చినారు. ప్రతి మార్పుకూ కొత్త సిలబసు, కొత్త సీలు, కొత్త ఫీజు చలానా.

రెండో పేరు మరింత ఆసక్తికరమైనది. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ స్థాపించారు. దేశంలో అదే మొదటిది. బ్రిటన్‌లో 1969లో వచ్చిన ఓపెన్ యూనివర్సిటీ దానికి ఆదర్శం. 1991లో అంబేడ్కర్ పేరు పెట్టినారు. "ఓపెన్" అనే చిన్న మాటకు తెలుగులో వాళ్లు ఎంచుకున్నది "సార్వత్రిక". తెరిచిన తలుపు అనే అర్థం పోయి అంతటా వ్యాపించినది అనే అర్థం వచ్చింది. మా క్లాసులో ఒక నేతకారుడు — వయస్సు నాకంటె పదేళ్లు పెద్ద, నేను అన్నా అంటాను, ఆయన నన్ను సార్ అంటాడు — పుస్తకం అట్టమీద ఆ మాట పక్కన పెన్సిలుతో "ఎలక్షన్" అని రాసుకున్నాడు. సార్వత్రిక ఎన్నికలు తప్ప ఆ మాట ఆయన మరెక్కడా వినలేదు. నేను నవ్వాను. తర్వాత ఆలోచిస్తే ఆయన రాసుకున్నది అంత తప్పుగా తోచలేదు. ఓటు హక్కుకు ఇంటరు పాసు కానక్కర లేదు. ఆ విశ్వవిద్యాలయం మొదటి సాహసం కూడా అదే: బడి సర్టిఫికెట్లు లేనివాడు ఒక అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చునన్నారు.

దాని తొలి వైస్‌చాన్సలర్ జి. రాంరెడ్డి. అంతకుముందు ఉస్మానియాకు వైస్‌చాన్సలర్, ఆ తర్వాత 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి వైస్‌చాన్సలర్, 1991 నుంచి యూజీసీ అధ్యక్షుడు. పంచాయతీరాజ్ వ్యవస్థను చదివిన రాజనీతి శాస్త్రజ్ఞుడు. అధికారుల్లో ఇట్లాంటివాళ్లు తక్కువ కనుక పేరు చెప్పటం న్యాయం. ఊరూరా కొత్త భవనాలు కట్టకుండా, ఉన్న కాలేజీల్లోనే ఆదివారం ఖాళీగా ఉండే గదులు, సెలవులో ఉండే అధ్యాపకులు, ఆకాశవాణి — ఈ మూడింటినీ ఒక దారానికి గుచ్చారు. సమన్వయం అనే మాటకు నాకు తెలిసి నికరమైన అర్థం ఇదే. ఐతే సాహిత్య విమర్శకుడికి కావలసిన విషయం వేరు. ఆ పుస్తకాల కోసం ఒక కొత్తరకం వచనం కావలసి వచ్చింది. గురువు ఎదుట లేడు. చదివేవాడు ఒంటరి, రాత్రి తొమ్మిది తర్వాత చదువుతాడు, అర్థంకాకపోతే అడగటానికి ఎవరూ ఉండరు. కనుక పాఠమే మాట్లాడాలి, పాఠమే ఆగి ప్రశ్న వెయ్యాలి, జవాబు తప్పైతే వెనక్కి వెళ్లి ఫలానా చోట చూడమని పాఠమే చెప్పాలి. ముందు లక్ష్యాలు, తర్వాత విడివిడి అంశాలు, మధ్యలో స్వయంపరీక్ష, చివర కఠినపదాలకు అర్థాలు — ఈ చట్రాన్ని వెక్కిరించే పండితులను నేను చూశాను. కాని ఈ చట్రం కనిపించని పాఠకుణ్ణి మనిషిగా గుర్తించింది. "మీరు" అని పిలిచింది. కాలేజీ చదువుల తెలుగు వచనంలో విద్యార్థిని నిలువునా మీరు అని పిలిచిన పుస్తకాలు అంతకుముందు ఎన్ని వచ్చినాయి?

ఆ వచనానికి నేలను సిద్ధం చేసింది ఒక్కనాటి పని కాదు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి గురజాడ అసమ్మతి పత్రం సమర్పించాడు. ఇంటర్మీడియట్ విద్యార్థి ఏ తెలుగులో వ్యాసం రాయాలన్నది వివాదం. ఆ తగవును మనం సాహిత్య చరిత్రలో గ్రాంథికానికీ వ్యావహారికానికీ జరిగిన యుద్ధంగానే చదువుకుంటాం. నిజానికి అది ఒక విశ్వవిద్యాలయపు విద్యావిధానం మీద తగవు. కమిటీలో ఓడిపోయిన సభ్యుడు రాసిన కాగితం అది. ఇంకొక సంగతి: తెలుగు వాడుకభాష కోసం రాసిన ఆ కాగితాన్ని గురజాడ ఇంగ్లీషులో రాశాడు. చదవవలసినవాళ్లు ఇంగ్లీషే చదువుతారు కనుక. 1968లో తెలుగు అకాడమీ వచ్చింది, పి.వి. నరసింహారావు తొలి అధ్యక్షుడు. డిగ్రీ చదువులు తెలుగులో చెప్పటానికి పుస్తకాలు కావాలని దాని స్థాపన. రసాయనశాస్త్రానికీ వాణిజ్యశాస్త్రానికీ మాటలు పుట్టించినారు. కొన్ని బతికినాయి, కొన్ని పుట్టగానే పోయినాయి. బతికినవాటి మీద ఓపెన్ యూనివర్సిటీ పాఠం నిలబడింది.

ఇక దాని లోపం. చట్రం విద్యార్థిని మీరు అని పిలిచినా, చట్రంలోపలి వాక్యం చాలాచోట్ల ఆయనను పిలవలేదు. నా పాఠమే ఉదాహరణ. విషయం: గురజాడా వ్యావహారిక భాషావాదమూ. నేను ఎం.ఏ. పూర్తిచేసి ఎంతోకాలం కాలేదు. ఇట్లా రాశాను: "ఆధునికతా స్పృహ యొక్క ప్రాదుర్భావం గురజాడచే విరచితమైన రచనలయందు ప్రతిఫలించబడినట్లు విమర్శకులచే గుర్తింపబడింది." ఈ వాక్యంలో పని చేసేవాడు ఎవడూ లేడు. ప్రాదుర్భావం జరిగింది, ప్రతిఫలించబడింది, గుర్తింపబడింది. గురజాడ ఒక "చే" పక్కన ఇరుక్కున్నాడు. వాడుకభాష కోసం పోరాడినవాడిని గురించి ఇట్లాంటి తెలుగు రాసినందుకు నాకు పారితోషికం ఇచ్చారు. సంపాదకులు ఒక్క మాట మార్చలేదు, పైగా బాగుందన్నారు.

ఎమ్మిగనూరు నేతకారుడి పుస్తకంలో ఆ పేజీ చూశాను. పదకొండు మాటల కింద గీతలున్నాయి. పక్కన అర్థాలు రాసే ప్రయత్నం నాలుగింటి దగ్గర ఆగిపోయింది. ఆయన తెలివితక్కువవాడేమీ కాదు. మగ్గం మీద పడుగులో ఎన్నో పోగు ఎక్కడ తెగిందో చీకట్లో వేలితో తడిమి చెప్పగలడు. 1938లో మాచాని సోమప్ప మొదలుపెట్టిన నేతకారుల సహకార సంఘం ఊరికి ఏం చేసిందో, తర్వాత ఎట్లా చితికిపోయిందో, మన ఆర్థికశాస్త్ర వ్యాసాలకంటె తేటగా గంటసేపు చెప్పగలడు. ఆ గంటసేపూ ఆయన వాడిన వాక్యాల్లో ప్రతిదానికీ కర్త ఉన్నాడు: ఫలానావాళ్లు నూలు ఇయ్యలేదు, ఫలానావాళ్లు సరుకు కొనలేదు. కర్మణి ప్రయోగం అధికారుల సొత్తు. దాన్ని తెచ్చి సాహిత్యానికి అంటించినవాళ్లం మనం.

ఇప్పుడు పై అంతస్తుకు పోదాం. అక్కడ వాడుకలో ఉన్న గొప్ప మాట "అవగాహన ఒప్పందం". ఇది కూడా అనువాదమే. ఒకసారి ఒక సంస్థ ఇట్లాంటి ఒప్పందం చేసుకునే సందర్భంలో, వెనక బెంచీలో కూర్చునే అవకాశం నాకు దక్కింది. సంస్థ పేరు అనవసరం, అన్నిచోట్లా ఇంతే. ఇద్దరు అధికారులు ఫైళ్లు మార్చుకున్నారు, శాలువాలు కప్పుకున్నారు, ఫొటో దిగారు. కాగితం చదివాను. అందులో మొదటి పక్షం ఉంది, రెండో పక్షం ఉంది. ఫీజులో ఎవరికి ఎంత భాగమో ఉంది. చిహ్నం ఏ సైజులో వెయ్యాలో ఉంది. వివాదం వస్తే ఏ నగరపు కోర్టుకు పోవాలో ఉంది. విద్యార్థి రెండు చోట్ల తగిలాడు: ఫీజు కట్టే చోట ఒకసారి, సంఖ్యగా ఒకసారి. అధ్యాపకుడు "వనరు"గా ఒకసారి కనిపించాడు. ఏ భాషలో చెప్పాలన్న మాట ఎక్కడా లేదు. అవగాహన ఎవరికి కలిగిందో నాకు అవగాహన కాలేదు.

అధికారులను తిట్టి ఊరుకుంటే విమర్శ సులువైపోతుంది. కనుక రెండోవైపు కూడా చెప్పాలి. 1991లో ఏర్పడిన దూరవిద్యా మండలి ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయం నీడలోనే ఉండేది: పరీక్షించేవాడూ పరీక్ష రాసేవాడూ ఒకే ఇంట్లో. ఆ కాలంలో దూరవిద్య పెద్ద వ్యాపారమైంది. ఎక్కడెక్కడి విశ్వవిద్యాలయాలో ఒక గదికీ ఒక బోర్డుకీ ఫ్రాంచైజీ ఇచ్చాయి. జిరాక్సు షాపు వెనక గదిలో ఎం.బి.ఏ. దొరికేది. ఇంజనీరింగు సైతం పోస్టులో పంపించినారు. 2017 నవంబరులో సుప్రీంకోర్టు నాలుగు డీమ్డ్ విశ్వవిద్యాలయాల దూరవిద్య ఇంజనీరింగు డిగ్రీల మీద తీర్పు చెప్పి ఆ వ్యాపారాన్ని ఎండగట్టింది. 2009లోనే, మొదటి డిగ్రీ లేకుండా నేరుగా పొందిన ఎం.ఏ. చెల్లదని అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో చెప్పింది. 2013లో మండలిని రద్దుచేసి యూజీసీ బాధ్యత తీసుకుంది. 2017 నిబంధనల్లో ఫ్రాంచైజీని నిషేధించింది. 2020లో వాటిని తిరగరాసింది. ఇవన్నీ అవసరమైన పనులే. దొంగ దుకాణం మూస్తే నేను కన్నీరు కార్చను. ఐతే దుకాణం మూసిన రోజున లోపల ఉన్న కొనుగోలుదారు సంగతేమిటి? తీర్పులో విశ్వవిద్యాలయాల వాదన ఉంది, మండలి వాదన ఉంది. మూడేళ్ల జీతంలోంచి ఫీజు కట్టినవాడికి తన డిగ్రీ కాగితమని ఎవరు చెప్పినారు, ఏ భాషలో చెప్పినారు? మన ప్రాంతంలో చాలామందికి ఆ వార్త చెప్పింది ప్రమోషను ఫైలు వెనక్కి పంపిన గుమాస్తా.

ఈ నిబంధనల్లో ఒకటి ఆదోనికి ప్రత్యేకంగా తగిలింది. రాష్ట్ర విశ్వవిద్యాలయం తన రాష్ట్రపు సరిహద్దు దాటరాదు. న్యాయంగానే కనిపిస్తుంది. కాని 2014లో సరిహద్దే కదిలింది. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం విభజన చట్టం పదో షెడ్యూలులో చేరింది. దాని ఆఫీసు హైదరాబాదులోనే ఉండిపోయింది. ముప్ఫై ఏళ్లుగా మన పుస్తకం అనుకున్నది పరాయి రాష్ట్రపు పుస్తకమైంది. ఆస్తులను ఎట్లా పంచుకోవాలో రెండు ప్రభుత్వాలూ ఏళ్లతరబడి ఉత్తరాలు రాసుకున్నాయి. భవనాలను లెక్కగట్టినారు. ఆ తెలుగు వచనం ఎవరి వాటాకు వస్తుందని అడిగినవాళ్లు లేరు.

2021-22 విద్యాసంవత్సరం నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోనే ఉండాలన్నారు. ఇక్కడ నేను జాగ్రత్తగా మాట్లాడాలి. తెలుగు మేష్టరు తెలుగు కోసం మాట్లాడితే అది ఉద్యోగరక్షణ అంటారు, కొంత నిజం కూడా. కంచ ఐలయ్య వంటివారు ఎంతోకాలంగా చెబుతున్న మాట ఉంది: పైకులాల పిల్లలు ఇంగ్లీషులో చదివి పైకి పోతూ, కింది కులాల పిల్లలకు మాతృభాషా ప్రేమను బోధించటం మోసం. దీనికి జవాబు చెప్పలేని తెలుగు భాషాభిమానం నాకు అక్కరలేదు. మా క్లాసులో అడిగితే చేతులెత్తేది ఇంగ్లీషుకే. కాని వాళ్లు అడిగింది ఇంగ్లీషు నేర్పమని. ఇచ్చింది ఇంగ్లీషులో ఉత్తర్వు. ఈ రెండూ ఒకటి కావు. గురజాడ కమిటీలో ఓడిపోయినప్పటికీ కనీసం కమిటీలో ఉన్నాడు.

ఆ తర్వాత వేగం ఇంకా పెరిగింది. స్వయం వేదిక 2017లో మొదలైంది. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక కోర్సు క్రెడిట్లలో 40 శాతం దాకా అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు. 2024 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం అమెరికా సంస్థ ఎడెక్స్‌తో ఒప్పందం చేసుకుంది: 2,000కు పైగా కోర్సులు విద్యార్థులకు ఉచితమన్నారు. హార్వర్డు మీ ఇంటికి వచ్చిందన్నారు. హార్వర్డు మంచి చోటే, దానిమీద నాకు కక్ష లేదు. ఐతే కోసిగిలో ఒక ఫోను నలుగురు వాడుకునే ఇంట్లో, ఉచ్చారణ పట్టుబడని ఇంగ్లీషు ఉపన్యాసాన్ని, సిగ్నలు వచ్చినప్పుడు వినేవాడికి అది ఏ దూరంలో ఉన్నట్టు? పోస్టులో వచ్చిన పుస్తకం కనీసం మళ్లీ చదువుకోవటానికి ఇంట్లో ఉండేది. క్రెడిట్లను దాచే ఒక బ్యాంకు కూడా పెట్టినారు. ఆదోని మార్కెట్ యార్డులో క్రెడిట్ అంటే అరువు. పత్తి తెచ్చిన రైతుకు ఆ మాట వినగానే ముఖం మారుతుంది.

ఇంతకంటె పెద్ద విషయాన్ని నిబంధనల్లో వెతికితే దొరకదు. అది క్యాలెండరు. ఇక్కడి పడమటి మండలాల్లో — కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు — వానలు మోసం చేసిన ఏడు జనం సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తియ్యటానికి, ఇంటికి తాళం వేసి పిల్లాజెల్లాతో లారీలు ఎక్కుతారు. సంక్రాంతి దాటిన తర్వాత కొన్ని ఊళ్లలో ముసలివాళ్లే మిగులుతారు. మా క్లాసుకు కోసిగి దిక్కు నుంచి ఒక అమ్మాయి వచ్చేది. అక్టోబరు, నవంబరు ఆదివారాలు ఒక్కటీ మానలేదు. నోట్సు ముత్యాల్లా ఉండేది. పరీక్షల తేదీ ఫిబ్రవరిలో పడింది. ఫోను చేస్తే మిరప చేలో నుంచి మాట్లాడింది. "రావాలంటే రానుపోను వెయ్యి అయితాది సార్, మూడు దినాల కూలి కూడా పోతాది. వచ్చే ఏడు రాస్తాలే" అంది. వచ్చే ఏటికి ఆమె పెళ్లైపోయింది. విశ్వవిద్యాలయాల క్యాలెండర్లను ఒకదానితో ఒకటి సమన్వయం చెయ్యటానికి కమిటీలున్నాయి. మిరప పంటతో సమన్వయం చెయ్యటానికి కమిటీ లేదు. సోవియట్ యూనియన్‌లో ఉత్తరాల ద్వారా చదివే కార్మికుడికి పరీక్షల కోసం జీతంతో సెలవు ఇచ్చేవాళ్లని మనం సభల్లో చెప్పుకుంటాం. దాని లోపాలు దానికున్నాయి గాని, పని చేసేవాడు చదువుతాడు అన్న సంగతిని అక్కడి చట్టం ఒప్పుకుంది. మన నిబంధనలు చదివేవాడు పని చెయ్యడు అనుకుని రాసినవి. దూరవిద్య నిబంధనలు కూడా అంతే!

నా పాఠాన్ని నేను తిరగరాస్తున్నాను. ఎవరూ అడగలేదు, అచ్చువేస్తారన్న ఆశ కూడా లేదు. ప్రాదుర్భావాన్ని తీసేశాను. "గురజాడ కొత్త కాలాన్ని పసిగట్టినాడు, పసిగట్టినదాన్ని తన రచనల్లో పెట్టినాడు" అని రాశాను. పోయిన ఆదివారం క్లాసు అయినాక నేతకారుడికి రెండు పేజీలు చదివి వినిపించాను. మొదటి పేజీ మొత్తం తల ఊపుతూ విన్నాడు. రెండో పేజీలో ఒకచోట చెయ్యి ఎత్తినాడు.

"సామాజిక చైతన్యం అంటే ఏం సార్?"

ఆ మాట మన పత్రికల్లో ప్రతి సంచికలోనూ ఉంటుంది. నేను చెప్పటం మొదలుపెట్టాను. మొదటి వాక్యంలో మరో రెండు కఠినపదాలు వచ్చినాయి. ఆగి, ఇంకోవైపు నుంచి మొదలుపెట్టాను. ఆయన ఓపికగా విన్నాడు, బస్సు టైము చూసుకున్నాడు.

"ఇది పరీక్షలో వస్తాదా సార్?"

రావచ్చునన్నాను.

"అయితే రాసుకుంటా ఉండు" అని పెన్సిలు తీసినాడు.